బెంచీ కింద చెంబు

చెక్క బెంచీల బండ్లు పోయి చాలా కాలమైంది. కానీ ఆ బెంచీ మీద ఎట్లా కూర్చోవాలో నా ఒంటికి ఇంకా తెలుసు. పాకాల నుంచి చిత్తూరు మీదుగా కాట్పాడికి పోయే మీటరు గేజి ప్యాసింజరు అది. పట్టాలు దగ్గర దగ్గరగా ఉండేవి. వాటి మీద పెట్టె ఇరుకుగా, ఎత్తుగా, చేటలో బియ్యం చెరిగినట్టు అటూ ఇటూ ఊగుతూ పోయేది. బెంచీ అంటే ఒట్టి కర్ర పలకలే. పలకకూ పలకకూ మధ్య వేలు దూరేంత సందు. పలకలను బిగించిన మరల తలలు అక్కడక్కడ పైకి లేచి ఉండేవి. చూసుకోకుండా జరిగితే చీర చిరిగేది. వీపు ఆనించుకునే పలక గోడలాగా నిటారుగా ఉండేది. పంతులు ఎదురుగా కూర్చున్నట్టు కూర్చోవాల్సిందే. నేను బడికి పోయింది మూడో తరగతి దాకానే గానీ ఆ కూర్చోవడం మాత్రం బాగా వచ్చింది.

కిటికీకి చెక్క రెక్కల తలుపు ఒకటి ఉండేది. వాన వచ్చినప్పుడు దిగేది కాదు, గాలి కావాలన్నప్పుడు లేచేది కాదు. బొగ్గు నలుసు కంట్లో పడితే కొంగు కొస నోటి ఆవిరితో వెచ్చబెట్టి ఒత్తుకుంటూ ఊరు చేరేవాళ్ళం. అందుకే మా వైపు ఆడవాళ్ళు రైలెక్కితే చంకలో బొంత ఉండాల్సిందే. చిరిగిన చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత. బెంచీ మీద అది పరచకుండా ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. దిగేటప్పుడు మనిషి కంటే ముందు బొంతను చూసుకునేవాళ్ళు.

నా పెళ్ళి మా మేనమామతో అయింది. మా అమ్మకు సొంత తమ్ముడు. పెళ్ళికి ముందు మామా అని పిలిచేదాన్ని, పెళ్ళయ్యాకా అదే పిలుపు. ఇక్కడ కూడా మామ అంటే ఆయనే. మా పుట్టినూరు చిత్తూరుకు అవతల, మామ ఊరు పాకాల దగ్గర. కాపురానికి పోయే రోజు మా అమ్మ ఒక బొంత, ఒక ఇత్తడి చెంబు నా చేతికిచ్చి ప్లాట్‌ఫారం మీద బుద్ధులు చెప్పింది. అత్తగారింట్లో ఎట్లా మెలగాలో కాదు. పోయేది తన పుట్టింటికే కదా, ఆ భయం ఆమెకు లేదు. రైల్లో ఎక్కడ కూర్చోవాలో చెప్పింది.

“పెట్టె కొసన ఎక్కొద్దు. కింద చక్రాలుండేది ఆడనే. పేగులు కదిలిపోతాయి. నడిమికి పోయి కూర్చో.”

“నడిమి తావు దొరక్కపోతే?”

“నిలబడుకోనే పో.”

ఆ రోజు నడుమ చోటు దొరకలేదు. మామ పెట్టె కొసనే బొంత పరిచాడు. చెంబు నిండా నీళ్ళు పోసుకొని, పైన గ్లాసు బోర్లించి, బెంచీ కింద పెట్టుకున్నాను. స్టేషన్లో సోడా, టీ కొనడం నాకు అప్పుడూ గిట్టదు, ఇప్పుడూ గిట్టదు. పూతలపట్టు వచ్చేసరికి చెంబులో సగం నీళ్ళు నేల మీద ఉన్నాయి. అక్కడ ఎవరో దిగితే నడుమ బెంచీకి మారాం. మిగిలిన సగం పాకాల దాకా చెక్కు చెదరలేదు.

“ఏమే, బండికి పరీక్ష పెట్టినావా?” అని నవ్వాడు మామ.

“నీళ్ళు మోసుకొచ్చింది బండికి తాపేదానికి కాదు,” అన్నాను.

అప్పటినుంచి అది నాకు అలవాటైపోయింది. ఏ బండి ఎక్కినా చెంబును మెడదాకా నింపి బెంచీ కింద పెట్టేదాన్ని. నీళ్ళు ఒలికితే లేచి ఇంకో చోటికి పోయేదాన్ని. ఎవరి కాలైనా చెంబుకు తగిలితే ఊరుకునేదాన్ని కాదు. తాగే చెంబు అది. తగిలితే వంగి చేత్తో తాకి కళ్ళకద్దుకొనేదాకా వదిలేదాన్ని కాదు. చిన్నపిల్లలైనా సరే, ముక్కూ మొహం తెలియనివాళ్ళైనా సరే.

మాకు కూతురు పుట్టి బడికి పోయే వయసులో మామ చింతచెట్టు మీద నుంచి పడ్డాడు. కాయ రాలగొట్టడానికి ఎక్కాడు. కొమ్మ విరిగింది. కింద బండకు నడుము కొట్టుకుంది. లేచాడు, నడిచాడు, రెండు మూడు దినాలు పని కూడా చేశాడు. ఆ తర్వాత వంగితే లేవలేడు, లేస్తే వంగలేడు. కట్టు కట్టేవాళ్ళ దగ్గరికి పోయాం, ఆకు పసరు పట్టించాం. కడకు ఎవరో చెబితే కాట్పాడి అవతల ఉన్న పెద్దాసుపత్రికి తీసుకుపోయాను.

అక్కడ ఒక పెద్ద డాక్టరు ఉండేవాడు. అరవాయన. తెలుగు వచ్చు గానీ నొప్పిని మాత్రం ఎప్పుడూ తన భాషలో వలి అనేవాడు. ఎముకల పటాలు తీయించి, మామను బయట కూర్చోబెట్టి నాతో చెప్పాడు. వెన్నుపూస ఒకటి నలిగిందట. నరం దాని పక్కనే ఒరుసుకుంటూ ఉందట. ఇప్పుడు కోస్తే లాభం కంటే నష్టం ఎక్కువట. మందులు వాడుతూ, పెద్ద బరువులెత్తకుండా, పిలిచినప్పుడల్లా వచ్చి చూపించుకోవాలట.

“వలి ఉంటే భయం వద్దమ్మా,” అన్నాడు. “వలి ఉందంటే నరం బతికి ఉందని. ఒకనాడు వలి లేదు అంటాడు చూడు, ఆ పొద్దే పట్టుకొని రా. ఆలస్యమైతే కాళ్ళు రావు.”

ఆ మాట నేను మామకు చెప్పలేదు. చెబితే మనిషి దిగులు పడతాడని నాలోనే ఉంచుకున్నాను. మామ ఎకరా మడినీ, వేరుశనగ చేనునూ కాళ్ళతో తిరిగి చూసుకునే మనిషి. కూర్చోబెట్టి అన్నం పెట్టినా బతకడు. ఆ కాళ్ళు నిలవాలన్నదే నాకు అప్పటినుంచి మిగిలిన పని.

ఆ తర్వాత మా రైలు ప్రయాణాలన్నీ ఆ ఆసుపత్రికే. తెల్లారి ప్యాసింజరుకు ముందుగానే పోయి, బండి ఆగీ ఆగకముందే నేనెక్కి, నడుమ బెంచీ పట్టి, బొంత పరిచి, మామను పండబెట్టేదాన్ని. చెంబు కింద పెట్టేదాన్ని. పట్టాల అతుకు వచ్చినప్పుడల్లా టకటకమని కుదుపు. ప్రతి కుదుపుకూ మామ “అమ్మా” అనేవాడు. ఆ మూలుగు వినలేక చెవులు మూసుకోవాలనిపించేది. కానీ అది వినబడినంత సేపూ ఒక ధైర్యం కూడా ఉండేది. ఈ రెండూ ఒక మనిషికి ఒకేసారి ఎట్లా ఉంటాయో నాకు చెప్పడం రాదు. నా చెయ్యి ఎప్పుడూ ఆయన నడుము మీదే ఉండేది.

ఒకసారి పూతలపట్టులో ఒకామె జామకాయల గంపతో ఎక్కింది. బెంచీ మీద మామను చూసి నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

“ఏమ్మా, ఈ బండి మీ నాయన రాసిచ్చినాడా? మనిషిని పండబెట్టి బెంచీ అంతా పట్టినావే?”

“నడుము ఇరిగినోడు. గంప పెట్టుకుంటే ఆయన కాళ్ళ కాడ పెట్టుకో. నువ్వు మాత్రం కూర్చోవద్దు.”

“కాళ్ళ కాడ ఎందుకు, తల కాడ పెట్టమ్మా,” అన్నాడు మామ పడుకునే. “కొనే దుడ్డు మా ఆమె ఎట్లాగూ తియ్యదు. వాసనన్నా చూస్తా.”

ఆమె కడుపు పట్టుకొని నవ్వి ఒక కాయ ఆయన చేతిలో పెట్టింది. నేను తీసుకొని సంచిలో వేశాను. ఇంటికి తెచ్చి ముగ్గురికీ కోశాను. బండిలోనే తిని ఉంటే కూతురికి ఏం మిగులుతుంది?

కొన్నేళ్ళకు బెంచీల మీద మెత్తలు వచ్చాయి. నల్లటి రెక్సిను, లోపల సన్నటి స్పాంజి. అందరూ మురిసిపోయారు. ఎండాకాలం ఆ రెక్సిను ఒంటికి అతుక్కొని లేచేటప్పుడు చర్మం ఊడినట్టయ్యేది. ఎవరో బ్లేడుతో కోసి లోపలి స్పాంజి పీక్కుపోయేవాళ్ళు. అయినా మామకు కొంచెం నయమే అన్నాను. కానీ చెంబు మాత్రం ఎప్పటిలాగే ఒలికేది. మెత్త వేసింది కూర్చునే చోట. కుదుపు వచ్చేది కింద నుంచి. ప్లాట్‌ఫారం మీద బండి కోసం కూర్చున్నప్పుడు చక్రాల వైపు చూడడం నాకు అలవాటైంది. పాత పెట్టెలకు చక్రాల మీద ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి కట్టలాగా ఉండేవి. కొన్నిటికి లావుపాటి చుట్టల స్ప్రింగులు ఉండేవి. చుట్టలున్న పెట్టె చూసి ఎక్కేదాన్ని. అందులో నీళ్ళు కొంచెం తక్కువ ఒలికేవి.

పెద్ద పట్టాలు వేయడానికి ఆ దారి మూసేసినప్పుడు మాకు పెద్ద కష్టం వచ్చింది. బస్సులో పోవాల్సి వచ్చింది. బస్సులో నడుమ సీటు దొరికినా రోడ్డు గుంతలకు చెంబు ఏం చేస్తుంది? మామ పండుకునే చోటు లేదు. ఒక్కో గుంతకు ఆయన పళ్ళు బిగపట్టేవాడు. ఒకసారి చిత్తూరులోనే దిగిపోతానని మొండికేశాడు.

“ఈ నొప్పి కోసం ఆ నొప్పి పడాల్నా? ఇంటికి పోదాం పా.”

“పోదాం. చూపించుకున్నాక.”

“నీకేం, చెప్తావు. నడుము నాది.”

“నడుము నీదే. మోసేది నేను,” అన్నాను. ఆ రోజు చూపించుకొనే వచ్చాం. ఆ కాలంలో రెండు మూడు సార్లు పిలిచినా పోలేకపోయాం.

పెద్ద బండి వచ్చిన రోజు ఊరంతా చూడ్డానికి పోయింది. వెడల్పు పెట్టెలు, వెడల్పు కిటికీలు. కూర్చుంటే ఎదుటివాళ్ళ మోకాళ్ళు తగలవు. ఊగడం బాగా తగ్గింది. తర్వాత పట్టాలను ఒకదానికొకటి అతికించేశారు. అతుకుల టకటక పోయింది. “బండికి నోరు పడిపోయిందే,” అన్నాడు మామ. మూలగడం కూడా తగ్గింది గానీ పోలేదు. వంతెన దగ్గర, స్టేషన్లలో పట్టాలు మారే చోట, నా చెయ్యి కింద నడుము బిగుసుకునేది. అమ్మా అనేవాడు. సరే, బండికి నోరు పోయినా మనిషికి పోలేదు అనుకునేదాన్ని.

కూతురికి తిరుపతిలో బళ్ళో పంతులమ్మ పని వచ్చింది. అక్కడే కాపురం. మేము మాత్రం పాకాల దగ్గరే ఉన్నాం. మామ నడుము మొత్తం మీద ఇరవై ఏళ్ళకు పైగా అట్లాగే నెట్టుకొచ్చింది. జుట్టు తెల్లబడింది. చేనుకు కర్ర పట్టుకొని పోయేవాడు, కానీ పోయేవాడు. ఆ పెద్ద డాక్టరు పని మానుకున్నాడు, చిన్నాయన వచ్చాడు. మేము పోయేది అదే వరండా, కూర్చునేది అదే బల్ల.

ఒక ఎండాకాలం మామకు నొప్పి తగ్గింది.

“ఈ నాలుగు దినాలు నడుము సుఖంగా ఉండాదే,” అన్నాడు ఒక పొద్దున. ముందు రాత్రే వెచ్చని ఆముదం రాసి ఉన్నాను. నా చేతి గుణమే అనుకున్నాను. ఆ వారమే చేను నుంచి వస్తూ ఒక కాలి చెప్పు జారిపోతే చూసుకోకుండా గడప దాకా నడిచి వచ్చాడు. కాలికి ముల్లు కూడా గుచ్చుకొని ఉంది. “కళ్ళు కనపడవా? కొత్త చెప్పు అది,” అని తిట్టి, వెనక్కి పోయి నేనే వెతికి తెచ్చాను. ఆసుపత్రికి పోయే రోజు స్టేషనుకు ఆటోలో పోయాం. దారిలో ఒక్కసారి కూడా మూలగలేదు. తారు రోడ్డు కొత్తగా వేశారు. రోడ్డు బాగా వేసినారు అనుకున్నాను.

ఈసారి కూతురు కొత్తగా వచ్చిన ఎర్ర పెట్టెల బండిలో పడక బుక్ చేసింది. తిరుపతిలో తాను ఎక్కి వస్తుందట, పాకాలలో మేము ఎక్కాలట. ముందు రోజు ఫోనులో దాంతో వాదన పెట్టుకున్నాను.

“పూట పయనానికి పడకా? పూల పానుపు కూడా ఎయ్యమని చెప్పుండాల్సింది.”

“అమ్మా, నాయన నడుము సూడు. దుడ్డు సూడొద్దు.”

“దుడ్డు చూసినందుకే మీ నాయన నడుముకు ఇన్నాళ్ళు మందులు అందినాయి.”

“గమ్మునుండండే ఇద్దురూ,” అన్నాడు మామ మంచం మీద నుంచి. “ఆ ఎర్ర బండి నేనూ ఒకసారి ఎక్కి సూస్తా.”

పెట్టె నిజంగానే బాగుంది. కిటికీ అద్దం పెద్దది. నీలిరంగు మెత్తలు, చేతికి మెత్తగా, గట్టిగా కూడా. మరల తలలు లేవు, పలకల సందులు లేవు. కూతురు ఎన్నుకున్న పడక సరిగ్గా పెట్టె నడుమ. ఆ మాట దానికి నేనే చెప్పి ఉన్నాను. మెత్త మీద బొంత పరిచి మామను పండబెట్టాను. చెంబు నింపి కింద పెట్టాను.

“ఈ పెట్టెలో కూడా చెంబేనా అమ్మా?” అని నవ్వింది కూతురు.

“పెట్టె కొత్తదని చెంబుకు తెలుసా?”

బండి కదిలాక నీళ్ళ వైపే చూస్తూ కూర్చున్నాను. మెడదాకా ఉన్న నీళ్ళు సన్నగా వణకడం తప్ప గట్టు దాటలేదు. మామ కళ్ళు మూసుకొని, చేతులు ఛాతీ మీద పెట్టుకొని, పెళ్ళిభోజనం చేసి పడుకున్నవాడిలాగా ఉన్నాడు. పూతలపట్టు పోయింది. మూలుగు లేదు. ఈ పెట్టెలేవో ముందే వచ్చి ఉంటే మనిషికి ఇన్నేళ్ళ బాధ తప్పేది కదా అనుకున్నాను. ఆ కాసేపు నాకు ఎంతో హాయిగా ఉండింది. అది గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చిత్తూరులో బండి ఆగింది. ఆ ఎర్ర పెట్టెల్లో తిరిగినవాళ్ళకు తెలుసు. పరుగు మెత్తగానే ఉంటుంది గానీ ఆగి కదిలేటప్పుడు ఒక్కోసారి ముందు పెట్టె వెనక పెట్టెను జుట్టు పట్టుకొని ఈడ్చినట్టు ఈడుస్తుంది. ఆ రోజు అట్లాగే ఈడ్చింది. నడవలో నిలబడిన ఒకాయన చేతిలో కాఫీ చొక్కా మీద పడింది. కూతురి తల పక్క గోడకు కొట్టుకుంది. కింద చెంబు పక్కకు ఒరిగి దొర్లింది. నీళ్ళు నా పాదాల మీదుగా పోయాయి.

నా చెయ్యి అలవాటుగా మామ నడుము మీదికి పోయింది. అమ్మా అంటాడని చూశాను. అనలేదు. నడుము బిగుసుకోలేదు. ఆయన కళ్ళు తెరిచి కిటికీలోకి చూస్తున్నాడు.

“చిత్తూరు దాటింది కూడా తెలీలే. ఎంత మెత్తగా పోతా ఉండాది సూడు!”

కూతురు నుదురు రుద్దుకుంటూ నవ్వింది. “నాయనా, నిజంగా నీకు తగల్లేదా?”

“ఏంది తగిలేది?”

చెంబు అవతలి బెంచీ కిందికి పోయి ఆగింది. దాన్ని తీసుకోవడానికి వంగినదాన్ని అట్లాగే ఉండిపోయాను. ఒలికిన నీళ్ళు, గడప దగ్గరి చెప్పు, ఆటో, తారు రోడ్డు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అన్నిటి వెనకా ఆ పెద్ద డాక్టరు మాట వచ్చింది. పంచె అంచు తొలగించి ఆయన కాలి బొటనవేలిని గోళ్ళతో గిల్లాను.

“మామా, నేనేం చేస్తాండా?”

“ఏం చేస్తాండావు?” అని తల ఎత్తి చూశాడు. నా చెయ్యి తన కాలి మీద కనబడింది. “కాళ్ళు పట్టుకుంటాండావా? ఈ వయసుకు వచ్చిందా బుద్ధి?”

నేను ఇంకా గట్టిగా గిల్లాను. గోరు దిగి ఎర్రటి గీత పడింది. ఆయన నవ్వుతూనే నా మొహం చూశాడు. ఆ తర్వాత ఆ గీతను చూశాడు. నవ్వు పోయింది.

ఆయన కింద నుంచి బొంతను లాగేశాను.

“బొంత ఎందుకు తీసినావే?”

“కుదుపు తగలనీ.”

కాట్పాడి దాకా ఆ బండి కుదపాలని కోరుకున్నాను. ఇన్నేళ్ళు కుదపకూడదని వెతుక్కొని వెతుక్కొని కూర్చున్నదాన్ని. పాత పలకల బెంచీ ఎక్కడైనా ఉంటే తెచ్చి ఆయన నడుము కింద పెట్టాలనిపించింది. బండి ఎక్కడా కుదపలేదు. వంతెన మీద కూడా నూనె మీద జారినట్టు పోయింది.

ఆసుపత్రిలో చిన్న డాక్టరు సూదితో కాళ్ళంతా తాకి చూశాడు. మామ కళ్ళు మూసుకొని, తాకిన చోటల్లా చెప్పమంటే, తొడ దాకా ఏమీ చెప్పలేదు. ఎప్పటినుంచి వలి లేదని అడిగాడు. మా ముగ్గురిలో ఎవరికీ సరిగ్గా తెలియలేదు. మామ నా వైపు చూశాడు. “నాలుగు దినాలా? వారమా?” అన్నాడు నన్నే అడిగినట్టు. ఆ మరునాడే కోశారు. కోసిన చోట నొప్పి వచ్చింది. దానికి మామ మూలిగితే నాకు ఆశ పుట్టింది. కాళ్ళకు మాత్రం రాలేదు. ఇంటికి పంపేటప్పుడు ఆ చిన్న డాక్టరు “కొంచెం ముందు వచ్చుంటే” అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశాడు.

తిరుగు ప్రయాణంలో ఆయన్ను చక్రాల కుర్చీలోంచి ఎత్తి పడక మీద వేశారు. చాలాసేపు పైకప్పు చూస్తూ ఉన్నాడు.

“బండి కదిలిందా?” అన్నాడు.

అప్పటికి కాట్పాడి దాటి చాలా దూరం వచ్చేశాం. అవునన్నాను.

“ఆ చెంబు బయటికి పెట్టు. నాకు అగపడేట్టు.”

నడవ పక్కన, ఆయనకు కనబడే చోట పెట్టాను. పోయేవాళ్ళ కాళ్ళు తగలకుండా నా రెండు పాదాలు అటూ ఇటూ అడ్డం పెట్టాను. ఆయన పక్కకు తిరిగి ఆ నీళ్ళనే చూశాడు. నీళ్ళు వణికితే “ఊఁ” అనేవాడు. వంతెన వచ్చినప్పుడు నీళ్ళ మీద గుండ్రంగా ఒక చార లేచింది.

“వంతెన,” అన్నాడు.

ఆ తర్వాత ఆసుపత్రికి పోయిన ప్రతిసారీ అదే. కిటికీ చూడడు, చెంబే చూస్తాడు. తన ఒంటికి తెలియనిది నీళ్ళను చూసి చెప్పేవాడు. ఇదిగో పట్టాలు మారినాయి. ఇదిగో చిత్తూరు, తోలేవోడు బ్రేకు వేస్తాండాడు. ఒకసారి నీళ్ళు ఒలికితే “అమ్మా” అన్నాడు. నాకోసం అన్నాడు. నేను నవ్వలేదు. “నటించొద్దు,” అన్నాను. ఆయన మొహం అటు తిప్పుకున్నాడు.

చేను కౌలుకిచ్చేశాం. మంచం వాకిట్లో వేస్తే మనుషులు వచ్చి మాట్లాడి పోయేవాళ్ళు. వీపుకు పుండ్లు పడ్డాయి. వాటి నొప్పి కూడా ఆయనకు తెలియలేదు. రోజూ ఒళ్ళు తిప్పి నేనే చూసి చెప్పాలి. “ఎట్లుండాది?” అని అడిగేవాడు, ఇంకెవరి ఒంటి గురించో అడిగినట్టు. ఆ పుండ్లతోనే జ్వరం వచ్చి పోయాడు.

ఆయన పోయాక కూతురు నన్ను తిరుపతికి తెచ్చుకుంది. మొన్న నా కళ్ళు చూపించడానికి కాట్పాడికి బయలుదేరదీసింది. ఇక్కడ బోలెడు ఆసుపత్రులుండగా అక్కడికెందుకు అంటుంది గానీ, నాకు అక్కడే. ఇప్పుడు ఆ దారిలో కొత్త కరెంటు బండి ఒకటి నడుస్తోంది. తలుపులు వెడల్పు, లోపల పొడుగు పొడుగు సీట్లు. ప్లాట్‌ఫారం మీద నిలబడి అలవాటుగా చక్రాల వైపు చూశాను. స్ప్రింగుల చుట్టలు లేవు. పెట్టెకూ చక్రాలకూ మధ్య గాలి నింపిన నల్లటి రబ్బరు దిండ్లున్నాయి. దిండ్ల మీద బండి.

నడుమ సీటు దొరికింది. బొంత పరచలేదు, ఒళ్ళో పెట్టుకున్నాను. చెంబు నింపి కింద పెట్టాను. ఎదురుగా కాలేజీ పిల్ల ఒకతి చూసి నవ్వింది.

“అది పడదులే అవ్వా. ఈ బండి అసలు కుదపదు.”

“తెలుసు,” అన్నాను.

పాకాల వచ్చింది, పోయింది. పూతలపట్టు పోయింది. నీళ్ళు బావిలో నీళ్ళలాగా ఉన్నాయి. చిత్తూరులో ఆగి ఎప్పుడు బయలుదేరిందో నాకు తెలియలేదు. కిటికీలోంచి స్తంభాలు వెనక్కి పోతుంటే చూసి తెలుసుకున్నాను. కూతురు ఫోను చూసుకుంటోంది. వంతెన వచ్చింది. వంగి చూశాను. నీళ్ళు కదలలేదు.

పక్కన ఎవరూ చూడడం లేదని చూసుకొని, కాలి బొటనవేలితో చెంబును ఒకసారి తట్టాను. నీళ్ళ మీద గుండ్రంగా చార లేచింది. అది పోయేదాకా చూశాను. తర్వాత వంగి చేత్తో చెంబును తాకి కళ్ళకద్దుకున్నాను.